లిక్స్‌లో క్వశ్చన్ పేపర్ లేఅవుట్: ప్రశ్నలో భాగం, భాగంలో జవాబు (పని డైరీ)

శనివారం రాత్రి

మా అక్క ఖమ్మంలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తుంది, తెలుగు మీడియం వాళ్ళకి. ఏళ్ళ తరబడి పోగేసిన ప్రశ్నలన్నీ నోటుపుస్తకాల్లోనే ఉన్నాయి, పరీక్ష వచ్చినప్పుడల్లా వాటిల్లోంచి ఏరి డీటీపీ షాపుకి పట్టుకెళ్ళడం, ప్రూఫు దిద్దడం, దిద్దినచోట కొత్త తప్పులు రావడం, ఇదే గొడవ. పోయినసారి ఒక మాత్రికలో అడ్డువరస మొత్తం ఎగిరిపోతే హాల్లో బోర్డు మీద రాయాల్సొచ్చిందట. "ఒరేయ్, నీ ప్రాజెక్ట్ రిపోర్ట్ లెక్కల పుస్తకంలా ఎంత నీట్‌గా ఉందో, అది దేంట్లో చేశావో నాకూ నేర్పరా" అంది ఫోన్లో.

చేసింది లేటెక్‌లో, అంటే కోడ్ రాస్తే దాన్నుంచి పేజీలు అచ్చేసే సాఫ్ట్‌వేర్‌లో. అక్క చేత బ్యాక్‌స్లాష్‌లు, మీసాల బ్రాకెట్లు టైప్ చేయించడం నా వల్ల కాదు, తన వల్లా కాదు. అందుకే లిక్స్ అనుకున్నా. తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: 1995లో మథియాస్ ఎట్రిక్ మొదలుపెట్టాడు దీన్ని (తర్వాతి ఏడాది కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ మొదలుపెట్టింది కూడా ఈయనే), చూడ్డానికి వర్డ్ లాగా ఉంటుంది, పేరాకి స్టైల్ ఎంచుకుంటూ టైప్ చేసుకుంటూ పోతే వెనకాల లేటెక్ కోడ్ అదే రాసుకుంటుంది. ఏ స్టైల్‌కి ఏ కోడ్ రావాలి, తెర మీద ఎలా కనపడాలి అన్నది లేఅవుట్ ఫైల్లో ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఫైలే, మనమూ రాసుకోవచ్చు.

వెనకాల పేపర్ తయారు చేసేది ఫిలిప్ హిర్ష్‌హోర్న్ రాసిన ఎగ్జామ్ క్లాస్ (క్లాస్ అంటే లేటెక్‌లో ఒక రకం డాక్యుమెంట్‌కి అచ్చు). అందులో క్వశ్చన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ (బిగిన్, ఎండ్ అన్న రెండు కమాండ్ల మధ్య ఉండే ముక్క), దాని లోపల పార్ట్స్, దాని లోపల సబ్‌పార్ట్స్, ఎక్కడైనా పెట్టుకోగలిగే సొల్యూషన్. ఆన్సర్స్ అనే ఆప్షన్ ఇస్తే జవాబులు బాక్సుల్లో అచ్చవుతాయి, తీసేస్తే మాయం. అంటే ఒకటే ఫైల్, పిల్లలకో కాపీ, దిద్దేవాళ్ళకో కాపీ. అక్కకి కావాల్సింది సరిగ్గా ఇదే.

ఎవరైనా రెడీమేడ్ లేఅవుట్ రాసిపెట్టారేమో అని వెతకలేదు, సొంతంగా రాయాలన్న దురద. ఈ డైరీ కూడా ఆ దురదే. కోడ్ పేస్ట్ చెయ్యట్లేదు, ట్యాగుల పేర్లు మన లిపిలోనే రాసుకుంటా, నాకు గుర్తుండటానికి చాలు.

ఆదివారం

హెల్ప్ మెనూలో అబౌట్ లిక్స్ తెరిస్తే యూజర్ డైరెక్టరీ ఎక్కడుందో చూపిస్తుంది. అందులో లేఅవుట్స్ ఫోల్డర్లో నా ఫైల్ పెట్టా. పైన హ్యాష్ గుర్తుతో మొదలయ్యే డిక్లేర్ లేటెక్ క్లాస్ లైన్ చూడ్డానికి కామెంట్‌లా ఉంటుంది కానీ కామెంట్ కాదు, రీకన్ఫిగర్ (ఉన్న క్లాసుల్ని మళ్ళీ వెతుక్కోమనడం) చేసినప్పుడు లిక్స్ చదివేది దాన్నే. నేను "ఎందుకులే" అని తీసేశాను, క్లాసుల లిస్టులో నా పేరు అరగంట వెతికాను. దాని కింద ఫార్మాట్ నంబర్. అది లేకపోతే మన ఫైల్ని లిక్స్ 1.4కి ముందు కాలం నాటి పాత ఫైల్ అనుకుని దాన్ని మార్చే పనిలో పడుతుంది, కాబట్టి లిక్స్‌తో వచ్చిన ఏదో ఒక లేఅవుట్ తెరిచి అందులో ఉన్న నంబరే కాపీ కొట్టడం మేలు. ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే తెర మీది లేబుళ్ళు తెలుగులోనే పెట్టుకోవచ్చు, "జవాబు", "సూచన" అని.

కొత్త ఫైల్ పెట్టినప్పుడు మాత్రమే రీకన్ఫిగర్ చేసి లిక్స్ మూసి తెరవాలి. ఉన్న ఫైల్లో మార్పు చేస్తే ఆల్ట్ ఎక్స్ కొట్టి లేఅవుట్-రీలోడ్ అని టైప్ చేస్తే చాలు. ఇది సాయంత్రం తెలిసింది, పొద్దున్నుంచీ కనీసం ముప్పై సార్లు మూసి తెరిచుంటా.

మొదటి స్టైల్ "ప్రశ్న". కాపీస్టైల్ అని ఎన్యూమరేట్‌ని (నంబర్ల లిస్ట్ స్టైల్) తెచ్చుకుని లేటెక్‌నేమ్ మాత్రం క్వశ్చన్స్ అని మార్చా. లేటెక్‌టైప్ అందులోంచే వస్తుంది, ఐటెం_ఎన్విరాన్‌మెంట్, అంటే ప్రతి పేరాకీ ముందు ఒక ఐటెం కమాండ్ వేస్తుంది. మార్కులు ఇవ్వడానికి ఎన్యూమరేట్‌లో ఎలాగూ ఉన్న ఐటెం ఆర్గ్యుమెంట్‌నే వాడేసుకుని దాని లేబుల్ "మార్కులు" అని పెట్టా. పది ప్రశ్నలు టైప్ చేసి, అన్నిటికీ 2 మార్కులు ఇచ్చి పీడీఎఫ్ చూస్తే... పది ప్రశ్నలకీ నంబరు 2. ఒకటి లేదు మూడు లేదు, వరసగా పది రెళ్ళు. ఫోటో తీసి అక్కకి పంపితే "బాగుంది, పిల్లలు ఏ ప్రశ్న రాసినా రెండో ప్రశ్నే అంటారు" అని నవ్వింది.

జరిగిందేంటంటే ఐటెం పక్కన బ్రాకెట్లో ఏదిస్తే లేటెక్ దాన్నే నంబర్ స్థానంలో అచ్చేస్తుంది. ఎగ్జామ్ క్లాస్‌కి కావాల్సింది ఐటెం కాదు, క్వశ్చన్ అనే కమాండ్. దానికి లేఅవుట్‌లో ఐటెంకమాండ్ అనే ట్యాగ్ ఉంది, క్వశ్చన్ అని రాస్తే (ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకూడదు) ప్రతి పేరా ముందూ అదే వస్తుంది. ఒక్క లైన్. ప్రశ్నలు 1 నుంచి 10, పక్కన 2 పాయింట్స్ అని మార్కులు. పాయింట్స్ అన్న మాటని పాయింట్‌పాయింట్స్ కమాండ్‌తో మార్కు, మార్కులు అని మార్చుకున్నా, ఏకవచనం బహువచనం విడివిడిగా ఇవ్వనిస్తుంది, పాపం.

మంగళవారం

ఇవాళ్టి నుంచి అసలు పని, నెస్టింగ్, అంటే ఒకదాని లోపల ఇంకోటి పెట్టడం.

"భాగం" స్టైల్ ఇలాగే రాశా, లేటెక్‌నేమ్ పార్ట్స్, ఐటెంకమాండ్ పార్ట్. స్టాండర్డ్ క్లాస్‌లోంచి పుస్తకాల్లో వాడే పార్ట్ స్టైల్ కూడా వచ్చేస్తోంది, అక్క పొరపాటున దాన్ని ఎంచుకునేలా ఉంది, నోస్టైల్ అని దాన్ని తీసేశా. ఇంక "జవాబు", ఇది మామూలు ఎన్విరాన్‌మెంట్ టైప్, లేటెక్‌నేమ్ సొల్యూషన్.

ఆ తర్వాత రెండు గంటలు కూర్చుని వెతికింది ఏంటంటే, "భాగం అనేది ప్రశ్న లోపలే ఉండాలి" అని లేఅవుట్‌లో ఎక్కడ చెప్పాలి? నా బుర్రలో బొమ్మ ఎలా ఉందంటే, ప్రశ్న స్టైల్ డెఫినిషన్ లోపల భాగం స్టైల్ డెఫినిషన్ రాయాలి, గూట్లో గూడులాగా. రాసి చూశా కూడా, స్టైల్ లోపల స్టైల్. టెర్మినల్ నుంచి నడిపితే తెలియని ట్యాగ్ అని ఎర్రర్ల చిట్టా చదివింది.

విసుగొచ్చి సేవ్ చేసిన లిక్స్ డాక్యుమెంట్‌నే టెక్స్ట్ ఎడిటర్లో తెరిచా. అప్పుడు అర్థమైంది. అందులో ప్రతి పేరాకీ స్టైల్ పేరు ఉంది, అంతే, ఆ పేరు పక్కన ఎవరికి ఎవరు లోపల అన్న సమాచారం లేదు. నెస్ట్ అయిన పేరాల ముందు బిగిన్_డీపర్, వెనక ఎండ్_డీపర్ అని రెండు లైన్లు ఉన్నాయి. అంటే స్టైల్ వేరు, లోతు వేరు. లేఅవుట్ ఫైల్లో స్టైళ్ళన్నీ పక్కపక్కనే పడుకుని ఉంటాయి, దేనికీ తల్లీ పిల్లా తెలీదు. ఏది దేని లోపల ఉందన్నది ఒక్కో పేరాకి టైప్ చేసేవాడు ఇచ్చే డెప్త్, ఆల్ట్ షిఫ్ట్ కుడి బాణంతో ఒక మెట్టు లోపలికి, ఎడమ బాణంతో బయటికి. లేఅవుట్ చేసేదల్లా ఆ లోతులో ఉన్నప్పుడు ఏ కోడ్ రాయాలో చెప్పడమే. పార్ట్స్ బిగిన్, ఎండ్ ఎక్కడ పడాలో లిక్స్ ఆ లోతు చూసి తనే వేసుకుంటుంది. ఇన్నాళ్ళూ ఐటెమైజ్ లిస్టుల్లో ఈ బాణాలు నొక్కుతూనే ఉన్నా, దీని సంగతి ఇంత అని ఎప్పుడూ తట్టలేదు.

దీంట్లో ఒక మెలిక, లోపల చోటిచ్చేది ఎన్విరాన్‌మెంట్ జాతి స్టైళ్ళు మాత్రమే. మామూలు పేరా (స్టాండర్డ్) ఇంకోదాని లోపలికి వెళ్తుంది కానీ తన లోపలికి ఎవర్నీ రానివ్వదు. కాబట్టి ప్రశ్న పేరాని పొరపాటున స్టాండర్డ్‌కి మారిస్తే దాని కింద లోపల ఉన్న భాగాలు, జవాబులు అన్నీ ఒక్క మెట్టు బయటికి జారిపోతాయి. మళ్ళీ ప్రశ్నగా మార్చినా వాటంతటవి వెనక్కి రావు. కంట్రోల్ జెడ్ ఒక్కటే దిక్కు.

గురువారం, ఆఫీసు నుంచి వచ్చాక

లోతు తప్పితే అక్కకి ఎలా తెలుస్తుంది? ఆలోచిస్తే జవాబు లేబుల్లోనే ఉంది. ఎన్యూమరేట్ లేబుల్ రకం పెట్టి కౌంటర్ ఈనమ్ అనే ఉంచితే, లిక్స్ తెర మీద లోతుని బట్టి నంబర్ చూపిస్తుంది, పై మెట్టులో 1, దాని లోపల బ్రాకెట్లో ఏ, ఇంకా లోపల రోమన్ ఐ. ఎగ్జామ్ క్లాస్ అచ్చేసే పద్ధతీ డిఫాల్ట్‌గా ఇదే వరస. కాబట్టి "భాగం" స్టైల్ ఉన్న పేరా ముందు ఏ, బీ కాకుండా 1, 2 కనపడిందంటే అది ప్రశ్న లోపల లేదు, బయట పడిపోయింది అని అర్థం. ఎడమ పక్కన నిలువు గీతలు కూడా గీస్తుంది లిక్స్, ఎన్ని మెట్లు లోపలుంటే అన్ని గీతలు. అక్కకి ఫోన్లో చెప్పా, గీతలు లెక్కపెట్టుకో అక్కా, ప్రశ్నకి సున్నా, భాగానికి ఒకటి, భాగం జవాబుకి రెండు. "గీతలు నాకు చెప్పకు, ఇరవై ఏళ్ళుగా గ్రాఫులు గీయిస్తున్నా" అంది.

ఇవాళే ఇంకో స్టైల్ "సూచన", ఇది ఎగ్జామ్ క్లాస్‌లో ఉన్నది కాదు, నా సొంతం. జవాబు లోపల, దిద్దే లెక్చరర్ల కోసం, ఈ స్టెప్పుకి ఇన్ని మార్కులు అని రాయడానికి. లేఅవుట్‌లో ప్రియాంబుల్ అని ఒక ట్యాగ్ ఉంటుంది, దాని మధ్యలో న్యూఎన్విరాన్‌మెంట్‌తో డెఫినిషన్ రాస్తే, ఆ స్టైల్ డాక్యుమెంట్‌లో వాడితేనే ఆ కోడ్ వెళ్తుంది, వాడకపోతే వెళ్ళదు. లోపల కోట్ ఎన్విరాన్‌మెంట్ పెట్టి ఇటాలిక్ అక్షరాలు ఇచ్చా. పీడీఎఫ్‌లో ఇటాలిక్ రాలేదు, లాగ్‌లో ఫాంట్ షేప్ లేదని హెచ్చరిక. నోటో సెరిఫ్ తెలుగులో బోల్డ్ ఉంది, ఇటాలిక్ లేదు. తెలుగు అచ్చులో పక్కకి వాలిన అక్షరాలు మనకి ఎక్కడ అలవాటు, తీసేసి కొంచెం చిన్న సైజు పెట్టా, అదే బాగుంది. ముందు మండలి ఫాంట్ వాడదాం అనుకున్నా, అందం దానిదే, కానీ అది ఒకే మందంలో వస్తుంది, ఎగ్జామ్ క్లాస్ హెడ్డింగులకి బోల్డ్ కావాలి. నడిపేది జీటెక్ (యూనికోడ్ ఫాంట్లు వాడగలిగే టెక్ ఇంజన్) మీద, డాక్యుమెంట్ సెట్టింగుల్లో టెక్ కాని ఫాంట్లు వాడు అన్న పెట్టెకి టిక్కు పెట్టా, తెలుగు ఒత్తులు అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. సొల్యూషన్ అన్న ఇంగ్లీషు మాట మిగిలితే సొల్యూషన్‌టైటిల్ కమాండ్ మార్చి "జవాబు:" అని పెట్టా.

మళ్ళీ శనివారం

అక్క మొదటి పూర్తి పేపర్ పంపింది, ఇంటర్ మాథ్స్ 1ఎ మోడల్, 75 మార్కులది. సెక్షన్ ఎలో అతిస్వల్ప సమాధాన ప్రశ్నలు పది, రెండేసి మార్కులు. సెక్షన్ బిలో ఏడింట్లో ఐదు, నాలుగేసి. సెక్షన్ సిలో దీర్ఘ సమాధానాలు, ఏడింట్లో ఐదు, ఏడేసి. నంబర్లు మాత్రం మొదట్నుంచి చివరిదాకా ఒకటే వరస, 1 నుంచి 24.

ఇక్కడ ఇరుక్కున్నా. సెక్షన్ బి అన్న హెడ్డింగ్ మామూలుగా పెడితే అది పై మెట్టులో ఉన్న పేరా, దాంతో క్వశ్చన్స్ ఎన్విరాన్‌మెంట్ అక్కడ మూసుకుపోతుంది, తర్వాత కొత్తది తెరుచుకుంటుంది, నంబర్ మళ్ళీ 1. ప్రతి సెక్షన్‌లో కౌంటర్‌ని చేత్తో సెట్ చెయ్యొచ్చు, కానీ అక్క ఒక ప్రశ్న తీసేస్తే లెక్క తప్పుతుంది. ఎగ్జామ్ క్లాస్‌లో దీనికోసమే ఫుల్‌విడ్త్ అని కమాండ్ ఉంది, ప్రశ్నల లిస్టు మధ్యలోనే, లిస్టు మూయకుండా, పేజీ మొత్తం వెడల్పుకీ రాసుకోవచ్చు. సరే, "సెక్షన్ హెడ్డింగ్" అని స్టైల్, లేటెక్‌టైప్ కమాండ్, లేటెక్‌నేమ్ ఫుల్‌విడ్త్. కానీ లిస్టు మూసుకోకుండా ఉండాలంటే ఆ హెడ్డింగ్ పేరా లోతు ఒకటి ఉండాలి, అంటే లిక్స్ లెక్కలో సెక్షన్ బి హెడ్డింగ్ పదో ప్రశ్న లోపల ఉంటుంది! చూడ్డానికి ఎంత వింతగా ఉందో. అర్థం పరంగా తప్పు, అచ్చు పరంగా రైటు. నాకు నచ్చలేదు, అలాగే ఉంచా.

పేపర్ బాగా వచ్చింది, ఒక్క మొత్తం మార్కుల దగ్గర తప్ప. ఎగ్జామ్ క్లాస్ తనే కూడి మొత్తం వేస్తుంది కదా అని పేపర్ తల మీద ఆ కమాండ్ పెట్టా, 97 అని వచ్చింది. 20, 28, 49 కలిపితే అంతే మరి, ఏడింట్లో ఐదే రాయాలని దానికేం తెలుసు. చేత్తో 75 అని రాసేశా.

ఆదివారం, చాలా కోపంగా

అక్క పొద్దున్నే ఫోన్. "పిల్లల కాపీలో సెక్షన్ సి అన్న హెడ్డింగే లేదురా, జవాబుల కాపీలో ఉంది."

మొదట నమ్మలేదు. రెండు పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టి చూశా, నిజమే. ఆన్సర్స్ ఆప్షన్ తీసేస్తే హెడ్డింగ్ కూడా పోతోంది. ఇంకాస్త ఆలోచిస్తే గానీ వెలగలేదు, అక్క బాణం ఒకసారి ఎక్కువ నొక్కింది. పదిహేడో ప్రశ్న కింద జవాబు లోతు ఒకటి, దాని తర్వాత హెడ్డింగ్ లోతు రెండు, అంటే హెడ్డింగ్ జవాబు లోపలికి వెళ్ళి కూర్చుంది. జవాబు ఎన్విరాన్‌మెంట్ జాతే కాబట్టి లిక్స్ రానిచ్చింది. జవాబులు దాచినప్పుడు దాంతోపాటు అదీ దాక్కుంది. జవాబుల కాపీలో కూడా జాగ్రత్తగా చూస్తే హెడ్డింగ్ జవాబు బాక్సు గీతలోపలే ఉంది, మేమిద్దరం గమనించలేదు. ఈ పేపర్ సోమవారం జిరాక్సుకి వెళ్ళాల్సింది.

ఇంకోటి కూడా ఇవాళే బయటపడింది. సమఘాత... కాదు, మూడు చలరాశుల సమీకరణాల ప్రశ్న, దానికి అక్క క్రామర్ పద్ధతిలో ఒక జవాబు, మాత్రికా విలోమ పద్ధతిలో ఒకటి, గాస్-జోర్డాన్ పద్ధతిలో ఒకటి రాసింది, మూడూ "జవాబు" స్టైలే, ఒకే లోతు. పక్కపక్కన ఒకే స్టైల్, ఒకే లోతు పేరాలొస్తే లిక్స్‌కి అవన్నీ ఒకే ఎన్విరాన్‌మెంట్. మూడు పద్ధతులూ ఒకే బాక్సులో కలిసిపోయి, "జవాబు:" అన్న మాట ఒక్కసారే వచ్చింది. ఎడిట్ మెనూలో స్టార్ట్ న్యూ ఎన్విరాన్‌మెంట్ అని ఉంటుంది, అది నొక్కితే మధ్యలో ఒక సెపరేటర్ పెట్టి విడదీస్తుంది. లేఅవుట్ వైపు నుంచి చెయ్యగలిగింది నాకేం కనపడలేదు. అక్కకి చెప్పా, ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకుందట.

బుధవారం

స్టైల్ పేరు మార్చాల్సొచ్చింది. మొదట్లో తొందరలో "సొల్యూషన్" అని పెట్టా, తర్వాత "జవాబు" అని మార్చా, పాత పేరుతో అక్క దగ్గర అప్పటికే మూడు ఫైళ్ళున్నాయి. డాక్యుమెంట్‌లో స్టైల్ పేరే సేవ్ అవుతుంది కాబట్టి పేరు మారిస్తే ఆ పేరాలన్నీ అనాథలు. అబ్సొలీటెడ్‌బై అన్న ట్యాగ్ ఇందుకే, పాత పేరుతో ఖాళీ స్టైల్ ఒకటి ఉంచి దీని బదులు ఫలానాది అని చెప్తే తెరవగానే అదే మార్చుకుంటుంది. పని చేసింది. పేర్లు ముందే ఆలోచించి పెట్టుకోవాల్సింది అనుకోండి.

ఇవాళ్టి పెద్ద సంగతి ఇది కాదు. కస్టమైజేషన్ మాన్యువల్‌లో వేరేదేదో వెతుకుతుంటే ఆటోనెస్ట్స్ అన్న ట్యాగ్ కళ్ళబడింది. 2024లో వచ్చిన లిక్స్ 2.4లో ఉంది, నేను ఇన్నాళ్ళూ పాత 2.3 మీద కుస్తీ పడుతున్నా. ఒక స్టైల్‌లో ఆటోనెస్ట్స్ అని, కింద కామాలతో స్టైళ్ళ పేర్లు, చివర ఎండ్ఆటోనెస్ట్స్. అప్పుడు ఆ పేర్లున్న పేరా దీని వెనకాల వస్తే లిక్స్ తనే ఒక మెట్టు లోపలికి తోసేస్తుంది. తిరగేసి లోపలి స్టైల్ వైపు నుంచి చెప్పడానికి ఈజ్ఆటోనెస్టెడ్‌బై కూడా ఉంది. అంటే రెండు గంటలు స్టైల్ లోపల స్టైల్ పెట్టి నేను అడగబోయింది అచ్చంగా ఇదే! కాకపోతే ఇది హద్దు కాదు, సౌకర్యం, టైప్ చేసేటప్పుడు మెట్టు ఎక్కిస్తుంది గానీ తర్వాత మనం బాణం నొక్కి పాడు చేసుకుంటామంటే పక్కన నిలబడి చూస్తుంది.

2.4 వేసి పెట్టుకున్నా. ప్రశ్నలో: భాగం, జవాబు, సెక్షన్ హెడ్డింగ్. భాగంలో: జవాబు. జవాబులో: సూచన మాత్రమే, హెడ్డింగ్ పేరు కావాలనే రాయలేదు.

శుక్రవారం

అక్క మెషీన్లో 2.4 వేయించా, ఫోన్లో గంటన్నర. పాత ఫైళ్ళు తెరిచింది, కొత్తవాటికి బాణాల పని చాలావరకు పోయింది, ప్రశ్న టైప్ చేసి ఎంటర్ కొట్టి జవాబు ఎంచుకుంటే దానంతటదే లోపలికెళ్తోంది. సెక్షన్ హెడ్డింగ్ మాత్రం ఇంకా చూసుకోవాలి, అందుకని తెర మీద దాన్ని ముదురు ఎరుపులో కనపడేలా ఫాంట్ ట్యాగ్‌లో రంగు పెట్టా, ఎడమన గీతలు రెండుంటే కంటికి పడాలని.

ఒకటి అడిగింది: భాగం లోపల సబ్‌పార్టులు, వాటికి జవాబు, దాంట్లో సూచన, దాంట్లో మళ్ళీ ఒక చిన్న లిస్ట్ పెట్టుకోవచ్చా అని. లేటెక్‌లో లిస్టులన్నీ కలిపి ఆరు మెట్లకి మించి దిగవు, అక్కడిదాకా వెళ్ళొద్దు అక్కా అన్నా. "ఆరు మెట్లున్న లెక్క ఇస్తే పిల్లలే దిగరు" అంది.

1ఎలో పది అధ్యాయాలు. ప్రమేయాలు, గణితానుగమన సిద్ధాంతం, మాత్రికలు ఎక్కాయి. సదిశలు సగంలో ఉన్నాయి. బొమ్మల సంగతి ఇంకా ముట్టుకోలేదు, త్రిభుజ ధర్మాలు వచ్చేలోపు చూడాలి.